కరెంటు బిల్లులో కనిపించని పద్దు

అందరికీ నమస్కారం. శిలాజ ఇంధనాల గురించి మాట్లాడమంటే చాలామంది మంచుకొండల దగ్గర మొదలుపెడతారు. నేను అంత దూరం వెళ్లను. ఒక్క యూనిట్ కరెంటు తీసుకుందాం. ఒకే ఒక్క యూనిట్. వెయ్యి వాట్ల హీటర్ గంటసేపు పనిచేస్తే అయ్యేంత. ఆ యూనిట్ కోసం ఎక్కడ ఏం కాలింది, ఏం మిగిలింది, ఎవరెవరు ఎంతెంత మోశారు అన్నది లెక్కేద్దాం. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి, అంకెలు బాగానే వస్తాయి.

ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌల్స్. బొగ్గు ప్లాంటు సామర్థ్యం 35 శాతం అనుకుందాం. పాతవి 33 దగ్గర ఉంటాయి, సూపర్ క్రిటికల్ బాయిలర్లు, అంటే ఇంకా ఎక్కువ ఒత్తిడి మీద ఆవిరి చేసేవి, ఉన్నవి 40 దాకా వెళ్తాయి, మధ్యస్థంగా 35. అంటే బయటికి 3.6 రావాలంటే లోపల 10.3 మెగాజౌల్స్ వేడి పుట్టాలి. కిలోకు 4000 కిలోకేలరీలిచ్చే బొగ్గు అయితే దానికి సుమారు 610 గ్రాములు కాల్చాలి. ఆ బొగ్గులో 35 శాతం బూడిద ఉందనుకోండి, 215 గ్రాముల బూడిద మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ దాదాపు 940 గ్రాములు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 610 గ్రాముల బొగ్గు కాలిస్తే 940 గ్రాముల వాయువు ఎలా వస్తుందండీ, లెక్క తప్పింది కదా అని. తప్పలేదు. కార్బన్ బరువు 12, దానికి గాలిలోంచి రెండు ఆక్సిజన్‌లు వచ్చి చేరితే మొత్తం 44. ఒక గ్రాము కార్బన్ 3.67 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. బొగ్గుకు డబ్బు కట్టి కొనుక్కున్నాం. ఆక్సిజన్ ఊరికే దొరికింది. ఆ రెండూ కలిసిన 940 గ్రాములను పారేయడం కూడా ఊరికే. బిల్లులో రాని మొదటి పద్దు ఇదే.

మరి మిగతా 65 శాతం వేడి ఏమైంది? కొంత చిమ్నీలోంచి పోయింది, ఎక్కువ భాగం కండెన్సర్‌లో పోయింది. టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చాలంటే దాన్ని చల్లబరచాలి. కూలింగ్ టవర్ ఉన్న ప్లాంటులో ఒక్కో యూనిట్‌కు రెండు మూడు లీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి. నదిలోంచి తీసుకున్న నీళ్లు, మళ్లీ నదిలోకి రానివి.

ఇప్పుడు ఒక్క యూనిట్ వదిలేసి, 500 మెగావాట్ల యంత్రం ఒకదాన్ని చూద్దాం. నిండుగా నడిస్తే గంటకు ఐదు లక్షల యూనిట్లు. అంటే గంటకు 300 టన్నుల బొగ్గు. గంటకు! వంద టన్నులకు పైగా బూడిద. అందులో ఐదో వంతు బాయిలర్ అడుగున పడుతుంది, నాలుగు వంతులు పొగతో పాటు పైకి లేస్తుంది. పైకి లేచేది గంటకు 84 టన్నులు అనుకోండి. దాన్ని పట్టుకోవడానికి ఈఎస్‌పీ అని ఉంటుంది, ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. పొగ దారిలో వేలాడదీసిన పలకలు, వాటి మధ్య వేల వోల్టుల తీగలు. రేణువులు విద్యుదావేశం పొంది పలకలకు అంటుకుంటాయి, అప్పుడప్పుడూ సుత్తితో కొడితే కింద తొట్టిలో రాలతాయి.

ఈ ఈఎస్‌పీ 99.9 శాతం పట్టుకుంటే బయటికి పోయేది గంటకు 84 కిలోలు. 99 శాతమే పట్టుకుంటే? వినడానికి పెద్ద తేడా ఏముంది, ఒక శాతం లోపే కదా అనిపిస్తుంది. కానీ బయటికి పోయేది 840 కిలోలు. పదింతలు! ఆ తేడా ఎందుకొస్తుందంటే చాలా మామూలు కారణాలకు. పలకలు వంగిపోతాయి, సుత్తి ఆగిపోతుంది, తొట్టి నిండిపోయి బూడిద పలకల దాకా పేరుకుని షార్ట్ అవుతుంది, వరసగా ఉన్న ఫీల్డుల్లో, అంటే పలకల విభాగాల్లో, ఒకటి ట్రిప్ అవుతుంది. కరెంటు ఉత్పత్తి మాత్రం ఆగదు. అందుకే దాన్ని వెంటనే బాగుచేయాలన్న తొందర ఎవరికీ ఉండదు. అదే బాయిలర్ ట్యూబు పగిలితే చూడండి, అర్ధరాత్రయినా పరుగెత్తుకొస్తారు. ఎందుకంటారు? ట్యూబు పగిలితే నష్టం కంపెనీది. ఈఎస్‌పీ పడుకుంటే నష్టం ఊళ్లో ఊపిరితిత్తులది. ఈ ఒక్క మాట అర్థమైతే నా ప్రసంగం సగం అయిపోయినట్టే.

దీన్ని ఆర్థికశాస్త్రంలో మొదట గట్టిగా చెప్పినవాడు పిగూ, 1920లో. తయారుచేసేవాడికి పడే ఖర్చు వేరు, సమాజానికి పడే ఖర్చు వేరు, ఆ తేడా మేరకు పన్ను వేస్తేగానీ ధర నిజం చెప్పదు అన్నాడు. వందేళ్లు దాటింది.

బూడిద కంటికి కనిపిస్తుంది. కనిపించనిది గంధకం. బొగ్గులో అర శాతమే గంధకం ఉందనుకోండి. గంటకు 300 టన్నుల్లో ఒకటిన్నర టన్ను. ఆక్సిజన్‌తో కలిసి మూడు టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. రోజుకు 72 టన్నులు. ఇది వాయువు, ఈఎస్‌పీకి దొరకదు. గాలిలో అమ్మోనియాతో కలిసి సల్ఫేట్ రేణువులుగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. అందుకే చిమ్నీ పక్కన మీటర్ పెట్టి, ఇక్కడ గాలి బాగానే ఉంది కదా అంటే చెల్లదు. చిమ్నీని 275 మీటర్లు కట్టేదే పక్క ఊరికి తగలకుండా. దూరపు ఊరికి తగులుతుంది, అంతే. దీన్ని ఆపాలంటే పొగను సున్నపురాయి కలిపిన నీళ్లతో కడగాలి. చివరికి జిప్సం వస్తుంది. ఆ పంపులూ ఫ్యాన్‌లూ నడపడానికి ప్లాంటు కరెంటులోంచే ఒకటి రెండు శాతం పోతుంది. పెట్టకపోవడానికి అసలు కారణం అదీ, పెట్టుబడీను.

ఇదంతా ఊహ కాదు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద పొగమంచు కదలకుండా కూర్చుంది. ఇళ్లలో, ప్లాంట్లలో బొగ్గు కాలుతూనే ఉంది. అప్పటి లెక్క ప్రకారం నాలుగు వేల మంది చనిపోయారు. తర్వాత పరిశోధకులు ఆ చలికాలం మొత్తం లెక్కలు తిరగేసి 12 వేల దాకా ఉంటుందన్నారు. నాలుగేళ్లకు, 1956లో, క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. ఆ మరణాలు అప్పుడు ఏమని నమోదయ్యాయో తెలుసా? బ్రాంకైటిస్, న్యుమోనియా, గుండెజబ్బు. ఏ మరణ ధ్రువపత్రం మీదా బొగ్గు అని రాయరు. ఇప్పుడూ అంతే. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో 42 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దుమ్ము ఉంది, పంట మంటలున్నాయి, అంతా శిలాజ ఇంధనాల ఖాతాలో వేయకండి. కానీ పెద్ద వాటా వాటిదే.

అలాగే ఐఎంఎఫ్ అంకె ఒకటి తరచూ వింటుంటాం. 2022లో శిలాజ ఇంధనాలకు ప్రపంచం ఇచ్చిన సబ్సిడీ ఏడు లక్షల కోట్ల డాలర్లు అని. దీన్ని కొంచెం జాగ్రత్తగా వాడాలి. ప్రభుత్వాలు జేబులోంచి నేరుగా ఇచ్చింది అందులో 1.3 లక్షల కోట్లు. మిగతాదంతా కాలుష్యం, వాతావరణ నష్టం, ట్రాఫిక్ రద్దీ లాంటివి ధరలో వసూలు కాకపోవడం. ఎవరూ చెక్కు రాయలేదు, కానీ ఎవరో ఒకరు మోశారు. వాదనలో ఈ రెండూ కలిపేసి చెబితే, ఎదుటివాడికి తెలిసుంటే అక్కడే పట్టుకుంటాడు.

బూడిద వైపు, గని వైపు పద్దు ఇంకా పొడుగు. రెండే చెబుతాను. 2008 డిసెంబరు 22న అమెరికాలో, టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్ ప్లాంటులో బూడిద చెరువు కట్ట తెగింది. తడి బూడిద వంద కోట్ల గ్యాలన్లకు పైగా నదిలోకీ ఇళ్లమీదికీ వచ్చిపడింది. బూడిదంటే ఇటుకలకు పనికొచ్చే పొడే కదా అనుకుంటాం. అందులో ఆర్సెనిక్, సెలీనియం, సీసం ఉంటాయి. కాలినకొద్దీ కార్బన్ పోయి ఇవి చిక్కబడతాయి.

రెండోది జర్మనీ రూర్ ప్రాంతం. అక్కడ చివరి నల్లబొగ్గు గని, ప్రాస్పర్ హానియల్, 2018 డిసెంబరులో మూసేశారు. మూసేశాక ఖర్చు ఆగిందా? లేదు. వందేళ్లకు పైగా తవ్వడంతో నేల కుంగింది, కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైన. పంపులు ఆపితే ఊళ్లు మునుగుతాయి. గని నీళ్లు పైకొచ్చి తాగే నీళ్లలో కలుస్తాయి. కాబట్టి తోడుతూనే ఉండాలి. ఎన్నాళ్లు? ఎప్పటికీ. దానికోసమే ఒక ఫౌండేషన్ పెట్టి ఏటా 20 కోట్ల యూరోలకు పైగా పక్కన పెడుతున్నారు. 1920లో అక్కడ కాలిన బొగ్గు ధరలో ఈ పంపు ఖర్చు ఉందా? ఎలా ఉంటుంది?

కార్బన్ డయాక్సైడ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, అది మీకు తెలిసిందే. 1958లో కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల్లో 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. పరిశ్రమలకు ముందు 280.

సరే, తిట్టడం తేలిక. మార్చడం ఎలా? ఇక్కడి నుంచి నేను రెండో వైపు వాళ్లను కూడా కొంచెం నొప్పిస్తాను.

మొదట, సౌరశక్తి, పవనశక్తి కూడా పూర్తిగా శుభ్రమేం కాదు. కానీ ఎంత తేడా? తయారీ నుంచి తుక్కు దాకా మొత్తం లెక్కేసి ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2014లో ఇచ్చిన మధ్యస్థ అంకెలు: యూనిట్‌కు బొగ్గు 820 గ్రాములు (మన 35 శాతం ప్లాంటు కంటే మెరుగైనవాటి లెక్క ఇది, అందుకే ఇందాకటి 940 కంటే తక్కువ), గ్యాస్ 490, పెద్ద సోలార్ 48, నేల మీద గాలిమరలు 11. గ్యాస్ సగమే కదా అని సంబరపడే ముందు ఒకటి గుర్తుంచుకోండి. పైపుల్లో, బావుల దగ్గర కారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. కొద్ది శాతం కారినా ఆ లాభం హరించుకుపోతుంది.

రెండోది, మెగావాట్లను మెగావాట్లతో పోల్చకండి. దయచేసి. పత్రికల్లో రోజూ వచ్చే తప్పు ఇది. 500 మెగావాట్ల బొగ్గు యంత్రం ఏడాదిలో 75 శాతం నడిస్తే దాదాపు 330 కోట్ల యూనిట్లు. సోలార్ సగటు 22 శాతం అనుకుంటే, అన్ని యూనిట్లు రావాలంటే 1700 మెగావాట్లు పెట్టాలి. మెగావాట్‌కు రెండు హెక్టార్లు వేసుకుంటే 34 చదరపు కిలోమీటర్ల నేల. ఈ లెక్క దాచిపెట్టి ప్రాజెక్టు మొదలుపెడితే భూమి దగ్గర ఆగిపోతుంది. పశువులు మేసే నేలను రికార్డుల్లో బంజరు అని రాసుకుని కంచె వేస్తే, బొగ్గు చేసిన పనే మనమూ చేసినట్టు. ఖర్చు ఇంకొకడి మీదికి తోయడం.

మూడోది డబ్బు. 2010తో పోలిస్తే పెద్ద సోలార్ ప్లాంట్ల కరెంటు ఖర్చు దాదాపు 90 శాతం తగ్గింది. అది నిజం. కానీ ఇంధనం కొనక్కర్లేదు కాబట్టి ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి, అంటే అప్పు. వంద అప్పు తెచ్చి 25 ఏళ్లలో తీర్చాలంటే, 4 శాతం వడ్డీకి ఏటా 6.4 కట్టాలి. 10 శాతం వడ్డీకి 11. అదే ప్యానెల్, అదే ఎండ, 70 శాతం ఎక్కువ ఖర్చు. ఎండ ఎక్కువున్న పేద దేశంలో సోలార్ కరెంటు, మబ్బులున్న ధనిక దేశం కంటే ఒక్కోసారి ఖరీదు కావడానికి కారణం ప్యానెల్ కాదు, బ్యాంకు.

ఇక ప్యానెల్ దగ్గరికే వద్దాం. ఇంటిమీద పెట్టుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నట్టున్నారు. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. పైపును ఒక్కచోట నొక్కితే మొత్తం ధార తగ్గినట్టు, ఒక్క సెల్ మీద నీడ పడితే మొత్తం వరస కరెంటు తగ్గుతుంది. అంతేకాదు, నీడలో ఉన్న సెల్ కరెంటు ఇవ్వడం మాని తానే తినడం మొదలుపెడుతుంది, కాలిపోతుంది. అందుకే సెల్స్‌ను మూడు గుంపులు చేసి ఒక్కోదానికి బైపాస్ డయోడ్ పెడతారు. నీడపడ్డ గుంపును పక్కకు తప్పిస్తుంది, మూడో వంతు పోతుంది, ప్యానెల్ బతుకుతుంది.

ఇప్పుడు చూడండి. వాలు పది డిగ్రీల కంటే తక్కువుంటే వాన నీళ్లు కింది అంచు దగ్గర ఆగి, ఆరి, దుమ్ము పట్టీ కడుతుంది. పాత రకం పూర్తి సెల్స్ ప్యానెల్‌ను నిలువుగా పెట్టారనుకోండి, ఆ పట్టీ మూడు గుంపులనూ ఒకేసారి కప్పుతుంది. రెండంగుళాల మట్టికి మొత్తం ప్యానెల్ పడుకుంటుంది. అదే అడ్డంగా పెడితే ఒక్క గుంపే పోతుంది. సెల్స్‌ను సగానికి కోసిన కొత్త రకంలో పైసగం, కిందిసగం విడివిడిగా పనిచేస్తాయి, నిలువుగా పెట్టినా సగమే నష్టం. అమర్చేవాడిని ఈ ప్రశ్న అడగండి. అతని మొహం చూస్తే తెలిసిపోతుంది, పని వచ్చో రాదో.

ఇంకో రెండు. సెల్ వేడెక్కితే 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం పోతుంది. 60 డిగ్రీల దగ్గర 12 శాతం. కప్పుకు ఆనించి బిగించకుండా కింద గాలి ఆడేలా జానెడు ఎత్తు వదలాలి. రెండోది కనెక్టర్లు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, టిక్‌మని పడ్డాయి కదా అని ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌కు కలపకండి. లోపల లోహం సరిగా ఆనక వేడెక్కుతుంది, ఆర్క్ మొదలవుతుంది. ఇది డీసీ, ఎప్పుడూ ఒకే దిక్కుకు పారే కరెంటు. ఏసీ అయితే సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరే అవకాశం ఉంటుంది. డీసీ ఆర్క్ అంత తేలిగ్గా ఆరదు. సోలార్ కప్పుల మీద నిప్పంటుకుందంటే ముందు అనుమానించాల్సింది ఇక్కడే.

అసలు కష్టం ప్యానెల్‌లో లేదు, గ్రిడ్‌లో ఉంది. గ్రిడ్‌లో కరెంటు నిల్వ ఉండదు. ఈ క్షణం వాడేది ఈ క్షణమే పుట్టాలి. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది. బొగ్గు ప్లాంటు టర్బైన్‌లు వందల టన్నుల ఇనుము, నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటాయి. ఏదైనా ప్లాంటు అకస్మాత్తుగా పడిపోతే, ఆ తిరిగే బరువే మొదటి కొన్ని సెకన్లు కాపాడుతుంది. సోలార్ ఇన్వర్టర్‌లో తిరిగేదేమీ లేదు.

దక్షిణ ఆస్ట్రేలియా, 2016 సెప్టెంబరు 28. తుపానుకు ట్రాన్స్‌మిషన్ టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ పడింది. కొన్ని గాలిమరల నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో, ఇన్నిసార్లకు మించి వోల్టేజీ పడితే ఆగిపో అని ఒక సెట్టింగ్ ఉంది. ఆగిపోయాయి. 456 మెగావాట్లు పోయాయి. ఆ భారమంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే ఒక్క లైను మీద పడింది, అది ట్రిప్ అయింది, రాష్ట్రం మొత్తం చీకటి. ఎనిమిదిన్నర లక్షల మంది వినియోగదారులు. గాలిమరల వల్లే అని ఒక వర్గం, టవర్ల వల్లే అని ఇంకో వర్గం అరుచుకున్నాయి. రెండూ సగం నిజాలే. ఆ సెట్టింగ్ ఉన్నట్టు గ్రిడ్ నడిపేవాళ్లకే తెలియదు! తర్వాత దాన్ని మార్చారు. 2017 చివర్లో హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్లు, 129 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు. ఆ తర్వాత సింక్రనస్ కండెన్సర్లు పెట్టారు, అంటే కరెంటు చేయకుండా గ్రిడ్‌తో పాటు ఊరికే తిరుగుతూ దాన్ని నిలకడగా ఉంచే యంత్రాలు.

ఆ బ్యాటరీ అంకెలు రెండూ గమనించారా? మొదటిది ఎంత వేగంగా ఇస్తుంది, రెండోది మొత్తం ఎంత ఇస్తుంది. 129ని 100తో భాగిస్తే గంటా పదిహేడు నిమిషాలు. అది రాత్రంతా నడపడానికి పెట్టింది కాదు, ఫ్రీక్వెన్సీ జారకుండా పట్టుకోవడానికి. ఎవరైనా ఇన్ని మెగావాట్ల బ్యాటరీ అని ఒక్క అంకె చెబితే, ఎన్ని గంటలండీ అని అడగండి.

సాయంత్రం సమస్య వేరు. సూర్యుడు దిగిపోయే గంటలోనే ఇళ్లలో వాడకం పెరుగుతుంది. అందరూ ముందు బ్యాటరీ అంటారు. నన్నడిగితే బ్యాటరీ మూడో మందు. మొదటిది, వాడకాన్నే మధ్యాహ్నానికి జరపడం. నీళ్లు తోడే మోటార్లు, గీజర్లు, శీతల గిడ్డంగులు, వాహనాల చార్జింగ్, ఇవన్నీ ఎండలో చేసుకోవచ్చు. దానికి కావాల్సింది గంటను బట్టి మారే ధర, ఒక టైమర్. రెండోది పొడవైన లైన్లు, ఒకచోట ఎండ పోయినా ఇంకోచోట గాలి ఉంటుంది. లైను కట్టడానికి సోలార్ ప్లాంటు కంటే చాలా ఎక్కువ ఏళ్లు పడుతుంది, కాబట్టి లైను ముందు మొదలవ్వాలి. జరిగేది మాత్రం తలకిందులు. ప్లాంటు కట్టేసి, లైను లేక ఉత్పత్తిని పారబోస్తారు. మూడోది బ్యాటరీ, వందపెడితే 85 నుంచి 90 తిరిగొస్తాయి. పంపు చేసి నీళ్లు పైకెక్కించే జలవిద్యుత్ అయితే 75 నుంచి 80. హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటు చేస్తే 30 నుంచి 40. అందుకే హైడ్రోజన్‌ను కరెంటు నిల్వకు కాదు, ఎరువులకూ ఉక్కుకూ దాచుకోవాలి.

ఇదంతా సిద్ధమయ్యేలోపు బొగ్గు ప్లాంట్లను మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచమంటున్నారు. చేయొచ్చు. కానీ అవి రోజంతా ఒకే లోడు మీద నడవడానికి కట్టినవి. 55 శాతం నుంచి 40కి దించితే మంట నిలకడ తప్పుతుంది. రోజూ వేడెక్కి చల్లారితే బాయిలర్‌లోని మందపాటి హెడర్లలో, అంటే పెద్ద ఆవిరి గొట్టాల్లో, డ్రమ్ములో పగుళ్లు మొదలవుతాయి. ఆ మరమ్మతు ఖర్చు ఎవరిదో ముందే రాసుకోకపోతే ప్లాంటువాళ్లు ఆ పని చేయరు, వాళ్లను తప్పు పట్టలేం.

మనుషుల సంగతి. బ్రిటన్ 2012లో దాదాపు 40 శాతం కరెంటు బొగ్గుతో చేసుకునేది. 2024 సెప్టెంబరు 30న చివరి ప్లాంటు, రాట్‌క్లిఫ్, మూసేసింది. 1882లో లండన్ హోల్‌బోర్న్ వయాడక్ట్‌లో మొదలైంది అక్కడ ముగిసింది. 2013 నుంచి కార్బన్‌కు కనీస ధర పెట్టారు, బొగ్గు గిట్టుబాటు కాలేదు. పిగూ చెప్పిందే. అయితే ఆ ఖాళీలో కొంత గ్యాస్ నింపిందన్నదీ చెప్పాలి. బ్రిటన్ గనులను 1980ల్లో మూసిన తీరు వేరు, రూర్‌లో మూసిన తీరు వేరు. రూర్‌లో 2007లోనే తేదీ ప్రకటించారు, పదకొండేళ్ల ముందు. కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించారు, పెద్దవాళ్లకు ముందస్తు పింఛను, మిగతావాళ్లకు వేరే పని. తేదీ ముందే తెలియడం అన్నిటికంటే ముఖ్యం. అప్పుడే ఇరవై ఏళ్ల కుర్రాడు గనిలో చేరాలా వద్దా తేల్చుకోగలడు.

మూసేసిన ప్లాంటును తుక్కుకు అమ్మేయకండి. అక్కడ గ్రిడ్‌కు కలిపే స్విచ్‌యార్డు ఉంది, ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి, లైను ఉంది. బ్యాటరీలు పెట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. జనరేటర్‌ను కూడా వాడుకోవచ్చు. టర్బైన్ నుంచి విడదీసి, వేగం అందుకోవడానికి ఒక చిన్న మోటారు పెట్టి, గ్రిడ్‌కు కలిపి ఊరికే తిప్పుతూ ఉంచితే అదే సింక్రనస్ కండెన్సర్, వోల్టేజీని పట్టి ఉంచుతుంది. కావాలంటే ఫ్లైవీల్, అంటే బరువైన చక్రం, కూడా తగిలించవచ్చు. బూడిద చెరువుకు మాత్రం మూత వేసి, చుట్టూ బావులు తవ్వి భూగర్భజలాలను పరీక్షిస్తూ ఉండాలి. అమెరికా 2015 నిబంధన ప్రకారం మూసేశాక ముప్ఫై ఏళ్లు. ఆ ముప్ఫై ఏళ్ల డబ్బు ప్లాంటు నడుస్తుండగానే విడిగా డిపాజిట్ చేయించాలి. మూసేశాక అడిగితే ఆ కంపెనీ ఉండకపోవచ్చు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలు తీసుకుంటాను. మైకు ముందు వెనక వరసకు ఇవ్వండి, వాళ్లు ఇందాకటి నుంచి చేతులెత్తుతున్నారు.